పక్షవాతం లక్షణాలు కనిపిస్తే ఇంట్లోనే ఆస్పిరిన్ ఇవ్వవచ్చా?

ఇవ్వకూడదు, ఎందుకంటే స్కాన్ తీయకముందు అది ఏ రకం స్ట్రోకో తెలియదు. మెదడు రక్తనాళంలో రక్తపు గడ్డ అడ్డుపడితే ఒక రకం, ఎక్కువమందికి వచ్చేది ఇదే. నాళం చిట్లి రక్తం కారితే రెండోది. దీనికి పెద్ద కారణం అదుపులో లేని బీపీ. ఆస్పిరిన్ రక్తాన్ని సులభంగా గడ్డకట్టనివ్వదు కాబట్టి ఈ రెండో రకంలో రక్తస్రావం పెరిగే ప్రమాదం ఉంది.

ఉదాహరణకు, ఒకరికి హఠాత్తుగా మూతి వంకరపోయి, ఒక చెయ్యి పైకి లేవక, మాట ముద్దగా వస్తోందనుకోండి. ఇవి రెండు రకాల్లోనూ కనిపిస్తాయి. పైగా మింగడం కష్టమై మాత్ర గొంతుకు అడ్డుపడవచ్చు, నీళ్లు కూడా పట్టకండి.

గుండెపోటుకు ఇస్తారు కదా, దీనికీ పనిచేస్తుందనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. లక్షణాలు మొదలైన టైమ్ గుర్తుపెట్టుకుని, వెంటనే సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా 4.5 గంటల్లోపే ఇవ్వాలి. కాసేపటికి లక్షణాలు తగ్గిపోయినా సరే, వెళ్లాల్సిందే.