ప్రశ్నలు – జవాబులు: మనుషుల శిలీంధ్ర వ్యాధులను చదవాలంటే

ప్రశ్న: మాది గజపతి జిల్లాలో పర్లాకిమిడి దగ్గర పల్లెటూరు. బీఎస్సీ వృక్షశాస్త్రం చివరి సంవత్సరం చదువుతున్నాను. శిలీంధ్రాల పాఠాలంటే నాకు ఎంతో ఇష్టం. వానాకాలం వస్తే మా ఊళ్లో ఇంటికొకరు తామరతో బాధపడతారు. మా నాన్నగారికైతే రెండేళ్లుగా తగ్గడం లేదు. మనుషులకు వచ్చే శిలీంధ్ర వ్యాధుల మీద పైచదువు చదవాలని ఉంది. ఇంట్లో మాత్రం బీఈడీ చెయ్యమంటున్నారు. డాక్టరు కాని వాళ్లకు ఈ చదువు సాధ్యమేనా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: సాధ్యమేనమ్మా. పైగా మీరు వృక్షశాస్త్రం నుంచి రావడం ఈ రంగంలో లోటు కాదు. ఈ శాస్త్రం మొదలైంది వైద్యశాలలో కాదు, పట్టుపురుగుల పెంపకంలో. పట్టుపురుగుల మీద తెల్లని పొడిలా కమ్ముకుని వాటిని చంపే జబ్బుకు ఒక శిలీంధ్రమే కారణమని ఇటలీలో అగొస్తీనో బాసీ 1835లో చూపించారు. మనిషి తలమీద పుండ్లలో కూడా శిలీంధ్రం ఉంటుందని 1840లలో పారిస్‌లో డేవిడ్ గ్రూబీ రుజువు చేశారు. మందుల విషయానికి వస్తే, మనుషులకు వాడదగిన తొలి శిలీంధ్రనాశక యాంటీబయాటిక్కుల్లో ఒకటైన నిస్టాటిన్‌ను 1950లో లోకానికి చెప్పిన ఎలిజబెత్ హేజన్, రేచల్ బ్రౌన్ ఇద్దరూ వైద్యులు కారు. ఒకరు సూక్ష్మజీవ శాస్త్రవేత్త, మరొకరు రసాయన శాస్త్రవేత్త. ఒకరు న్యూయార్క్ నగరంలో, మరొకరు ఆల్బనీలో ఉంటూ మట్టి నమూనాలను సీసాల్లో పెట్టి తపాలాలో పంపించుకుంటూ పనిచేశారు. ఆ మందునిచ్చిన సూక్ష్మజీవి హేజన్ స్నేహితుల పాడిపొలం మట్టిలో దొరికింది.

మీ ముందు ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి విశ్వవిద్యాలయాల్లో రెండేళ్ల ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ. రెండోది కొన్ని వైద్య కళాశాలల్లో ఉండే మూడేళ్ల ఎమ్మెస్సీ మెడికల్ మైక్రోబయాలజీ. మొదటిదానిలో శిలీంధ్రం అంటే చాలావరకు మట్టి, ఆహారం, పరిశ్రమ. రెండోదానిలో మొదటి ఏడాది శరీర నిర్మాణం, శరీర ధర్మం, జీవరసాయనం చదివి, ఆ తర్వాత ఆసుపత్రికి రోజూ వచ్చే కళ్లె, చీము, చర్మపు పొట్టు, గోరు ముక్కలతోనే పని నేర్చుకుంటారు. మిమ్మల్ని ఈ చదువు వైపు లాగుతున్నది మీ ఊరి మనుషుల బాధ కాబట్టి, సీటు దొరికితే రెండోదే మంచిదని నా అభిప్రాయం. అయితే వృక్షశాస్త్రం పట్టాతో అన్ని చోట్లా ప్రవేశం ఇవ్వరు. దరఖాస్తు పెట్టే ముందే ఆ సంస్థ అర్హతల పేజీ చదవండి. పర్లాకిమిడి పిల్లలు ఇటు బరంపురం వైపూ అటు విశాఖపట్నం వైపూ చూడటం ఎప్పటినుంచో ఉన్నదే. కానీ ఒడిశాలో చదివినవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో స్థానిక కోటా వర్తించకపోవచ్చు. ఆ లెక్క ముందే చూసుకోండి.

ఎమ్మెస్సీ తర్వాత నెట్ రాసి పీహెచ్‌డీ చేయవచ్చు, బోధించవచ్చు, ఆసుపత్రి ప్రయోగశాలలో పనిచేయవచ్చు. ఒక పరిమితిని మాత్రం దాచకుండా చెప్పాలి: పరీక్ష ఫలితానికి వైద్యపరమైన అర్థం చెప్పి అభిప్రాయం రాసే అధికారం వైద్య పట్టా ఉన్నవారిదే. కొందరు ఈ సంగతి ఎమ్మెస్సీ అయ్యాక తెలుసుకుని నిరుత్సాహపడతారు. మీరు ముందే తెలుసుకుని వెళ్లండి.

ఇక మీ నాన్నగారి తామర. దాన్నే మీ మొదటి పాఠం అనుకోండి. ఆయన రెండేళ్లలో ఏయే గొట్టాల మందు రాశారో గుర్తుచేసుకుని, ఆ ఖాళీ గొట్టాలు దొరికితే మీద రాసిన పేర్లు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్ లాంటి పేరు కనిపిస్తే అది స్టెరాయిడ్. అది దురదనూ ఎరుపునూ రెండు రోజుల్లో తగ్గిస్తుంది. శిలీంధ్రాన్ని మాత్రం చంపదు. చర్మం తన కాపలా మానేయడంతో శిలీంధ్రం లోలోపల విస్తరిస్తుంది, గుండ్రని అంచు చెరిగిపోతుంది, చూసిన డాక్టరుకు కూడా తామరలా కనిపించదు. దుకాణంలో అడిగి తెచ్చుకున్న ఇలాంటి గొట్టాలు మన సరిహద్దు పల్లెల్లో ఎంత హాని చేస్తున్నాయో నేను ప్రయోగశాలలో నా బల్ల దగ్గర ఏళ్లుగా చూస్తున్నాను, చూసిన ప్రతిసారీ బాధ కలుగుతుంది. దీనికి తోడు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని 2020లో పేరు పెట్టిన శిలీంధ్రం ఇప్పుడు దేశమంతటా వ్యాపించి ఉంది. శిలీంధ్ర కణపొరకు కావలసిన ఎర్గోస్టెరాల్ తయారీలో స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే ఎంజైమ్ ఒక మెట్టు. తామరకు వాడే టెర్బినాఫిన్ అనే మందు దెబ్బకొట్టేది దాన్నే. ఈ శిలీంధ్రంలో చాలా రకాలకు ఆ ఎంజైమ్ జన్యువులో మార్పు వచ్చింది కాబట్టి మందు అక్కడ అతుక్కోదు. మీ నాన్నగారిని చర్మవైద్యులకు చూపించండి. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే అందరూ ఒకేసారి చికిత్స తీసుకోవాలి, లేకపోతే అది ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

అక్కడ చేసే పరీక్ష ఎలా ఉంటుందో చెబుతాను, ఈ చదువు మీకు నచ్చుతుందో లేదో దానితోనే తెలుస్తుంది. మచ్చను స్పిరిట్‌తో తుడిచి, మధ్యలో కాకుండా పాకుతున్న అంచు దగ్గర మొద్దు బ్లేడుతో గీకుతారు. తెల్లని పొట్టు కనిపించడానికి దాన్ని నల్ల కాగితంలోకి రాలుస్తారు. గాజు పలక మీద వేసి, 10 నుంచి 20 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఒక చుక్క పోసి, పల్చని గాజు మూత పెట్టి ఆగాలి. చర్మకణాలు కరిగి తేటపడతాయి, శిలీంధ్రం గోడ మాత్రం నిలుస్తుంది. తర్వాత మైక్రోస్కోపులో వెలుగు బాగా తగ్గించి వెతకాలి. మొదట ఏమీ కనిపించదు. చర్మకణాల అంచులే గీతల్లా కనిపించి కొత్తవాళ్లను మోసం చేస్తాయి. ఓపికగా చూస్తే, ఆ అంచులను లెక్కచెయ్యకుండా కణం మీంచి కణం మీదకు దాటిపోతూ, మధ్యమధ్య అడ్డుగోడలతో, కొమ్మలు వేసుకుంటూ పోయే సన్నని మెరిసే దారం ఒకటి దొరుకుతుంది. ఆ దారం దొరికిన రోజు సంతోషం ఇన్నేళ్లైనా నాకు తగ్గలేదు. మిగిలిన పొట్టును గాజు గొట్టంలో, శిలీంధ్రాలను పెంచే సబూరో యానకం మీద నాటి 25 నుంచి 30 డిగ్రీల దగ్గర పెట్టి, నాలుగు వారాల వరకూ ఎదురుచూడాలి. పైన తెల్లని దూదిలా ఎదిగిన బూజు గొట్టం వెనక వైపు ద్రాక్షసారా రంగు తేలితే ట్రైకోఫైటాన్ రూబ్రమ్ అని మొదటి అనుమానం.

ఇందులో ఖరీదైన యంత్రం ఏదీ లేదని గమనించండి. వ్యాధి నిర్ధారణ ఎక్కువసార్లు తప్పిపోయేది నమూనా తీసే చోటే: నిన్ననే మందు రాసిన చర్మం, అంచు వదిలేసి మధ్యలో గీకిన పొట్టు, నాలుగు రోజులు చూసి పారేసిన బూజు గొట్టం. రోగిని కూర్చోబెట్టి ఏం రాశావని అడగగలగడం కూడా ఈ శాస్త్రంలో భాగమే. తెలుగు, ఒడియా రెండూ వచ్చి, సవర మాటలు నాలుగు తెలిసిన మీలాంటివాళ్లకు రోగి చెప్పే నిజం మాకు చెప్పే దానికంటే ఎక్కువ. బీఈడీ చెడ్డదని నేను అనను. కానీ మీ ఉత్తరం చదివితే మీ మనసు ఎక్కడుందో స్పష్టంగా ఉంది.

ప్రశ్న: మాది రాయగడ. ఎంబీబీఎస్ రెండో దశలో ఉన్నాను. శిలీంధ్రాల పేర్లు ఎంత చదివినా నిలవడం లేదు. ఈ వ్యాధుల్లోనే నిపుణుడు కావాలంటే ఎండీ మైక్రోబయాలజీ మంచిదా, చర్మవ్యాధులు మంచిదా?
– ఒక వైద్య విద్యార్థి

జవాబు: పేర్లను పేర్లుగా చదివితే ఎవరికీ నిలవవు. అవి ఎక్కడ బతుకుతాయో, శరీరంలోకి ఎలా వస్తాయో పట్టుకోండి. తామర శిలీంధ్రాలకు ఆహారం కెరటిన్, అందుకే చర్మం, వెంట్రుక, గోరు దాటి లోపలికి రావు. ముల్లు గుచ్చుకుని చర్మం కిందికి చేరేవి వేరు: మదురై పేరుతోనే ప్రపంచానికి తెలిసిన, పాదం వాచి పుండ్లు పడే మదురా పాదం ఆ జాతిదే. దాన్ని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. కోతల కాలంలో వరి ఆకు కంటికి గీసుకుని వచ్చే పుండులో ఫ్యుజేరియం గానీ ఆస్పర్జిల్లస్ గానీ అనే శిలీంధ్రం ఉండవచ్చు. అక్కడ స్టెరాయిడ్ చుక్కలు వేస్తే చూపు పోయే ప్రమాదం ఉంది. 2021లో కోవిడ్ రెండో ఉధృతిలో బ్లాక్ ఫంగస్ అని అందరూ భయపడ్డ మ్యూకర్‌మైకోసిస్‌ను అదుపు తప్పిన మధుమేహంతో, స్టెరాయిడ్ల వాడకంతో కలిపి చదవండి. కణజాలంలో వెడల్పైన, అడ్డుగోడలు దాదాపు లేని, లంబకోణంలో చీలే తంతువులైతే మ్యూకర్‌మైకోసిస్, సన్నగా అడ్డుగోడలతో 45 డిగ్రీల కోణంలో చీలితే ఆస్పర్జిల్లస్. ఈ తేడా మీద మందు మారుతుంది కాబట్టి ఇది పరీక్ష కోసం చదవాల్సిన విషయం మాత్రమే కాదు.

ఒడిశాలో చదువుతున్నారు కాబట్టి ఇంకొకటి. చెరువు స్నానాలతో ముడిపడిన, ముక్కులో ఎర్రని కండలా పెరిగే రైనోస్పోరిడియోసిస్‌ను చాలాకాలం శిలీంధ్ర వ్యాధి అనుకున్నారు. అది శిలీంధ్రం కాదని జన్యు పరిశీలన తేల్చింది. అయినా పుస్తకాల్లో ఇంకా ఈ అధ్యాయంలోనే ఉంటుంది.

ఎండీ సంగతి: రోగిని చూసి చికిత్స చేయాలని ఉంటే చర్మవ్యాధుల శాఖ, లోతైన, ప్రాణం మీదికి తెచ్చే వ్యాధుల మూలం పట్టుకోవాలని ఉంటే మైక్రోబయాలజీ. రెండూ మూడేళ్లే, రెండింటికీ నీట్ పీజీయే. కాండిడా ఆరిస్ అనే ఈస్ట్ లాంటివి ఐసీయూల్లో వ్యాపిస్తున్న ఈ రోజుల్లో రెండోదాని అవసరం పెరిగిందని నేను నమ్ముతున్నాను. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తొలిసారి ప్రకటించిన 19 ప్రాధాన్య శిలీంధ్రాల జాబితాలో అతి ముఖ్యమైన వర్గంలోని నాలుగింటిలో కాండిడా ఆరిస్ ఒకటి.

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీలో బూజులు పెంచే పని చేస్తోంది. ఆమెకు అంటుకుంటుందా?
– ఒక తండ్రి, బరంపురం

జవాబు: మామూలు జాగ్రత్తలు పాటిస్తే భయపడనవసరం లేదండీ. అయితే హిస్టోప్లాస్మా లాంటివి శరీరపు వేడిలో ఈస్ట్‌గా, ప్రయోగశాల చల్లదనంలో బూజుగా పెరుగుతాయి. ఆ బూజు రూపం విడిచే సిద్ధబీజాలను పీలిస్తే జబ్బు వస్తుంది. అందుకే ఏ బూజునూ వాసన చూడకూడదు, తెలియని బూజును బయట బల్ల మీద తెరవకూడదు, వెడల్పు పళ్లెంలో కాకుండా మరమూత ఉన్న గొట్టంలోనే పెంచాలి. వాళ్ల ప్రయోగశాలలో గాలిని వడకట్టే బయోసేఫ్టీ క్యాబినెట్ ఉందా, దాన్ని ఏడాదికోసారి పరీక్షిస్తున్నారా అని మీ అమ్మాయిని అడగండి.