ఇంటర్ ల్యాబ్‌లో యాసిడ్‌నే నీళ్లలో పోయమంటారు, ఎందుకు? బ్యూరెట్ రీడింగ్ ఎలా తీయాలి?

గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ నీళ్లతో కలిసేటప్పుడు విపరీతమైన వేడి పుడుతుంది. దాని సాంద్రత మిల్లీలీటరుకు సుమారు 1.84 గ్రాములు, నీళ్లది 1 గ్రాము. కాబట్టి యాసిడ్‌లో నీళ్లు పోస్తే ఆ కాసిని నీళ్లు పైనే ఉండిపోయి, వేడంతా వాటికే తగిలి, ఒక్కసారిగా మరిగి యాసిడ్‌తో సహా మొహం మీదికి చిమ్ముతాయి. అదే ఎక్కువ నీళ్లలో యాసిడ్‌ని కొద్దికొద్దిగా, గాజు కడ్డీతో కలుపుతూ పోస్తే అది కిందికి దిగుతూ కలుస్తుంది, వేడి నీళ్లన్నిటికీ పంచుకుపోతుంది. పక్కవాళ్లు పెట్టుకోకపోయినా మీరు మాత్రం సేఫ్టీ కళ్లద్దాలు పెట్టుకోండి. పలచని యాసిడ్ చేతిమీద పడినా వెంటనే కుళాయి కింద పెట్టి బాగా కడగండి, యాసిడ్‌ని విరిచే వంటసోడా కోసం వెతుకుతూ టైమ్ పోగొట్టొద్దు. పిపెట్‌ని (ద్రవాన్ని కొలిచి తీసే సన్నని గాజు గొట్టం) నోటితో పీల్చడం అసలు వద్దు, రబ్బరు బల్బు అడగండి.

ఇక బ్యూరెట్, అంటే కింద కుళాయి, ఒంటిమీద కొలత గీతలు ఉండే పొడవాటి గాజు గొట్టం. ద్రవం గాజు అంచుల దగ్గర కాస్త పైకి పాకి మధ్యలో గుంటలా ఉంటుంది, ఆ గుంట అడుగుని, కన్ను సరిగ్గా అదే ఎత్తులో ఉంచి చదవాలి. బ్యూరెట్‌లో అంకెలు పైనుంచి కిందికి పెరుగుతాయి, అందుకే పైనుంచి వంగి చూస్తే రీడింగ్ తక్కువ వస్తుంది, చాలామందికి టైట్రేషన్ (బ్యూరెట్‌లోంచి ద్రావణాన్ని కొద్దికొద్దిగా వదిలి ఇంకోదాని గాఢత కనుక్కోవడం) విలువలు కలవకపోవడానికి ఇదో కారణం. పొటాషియం పర్మాంగనేట్ లాంటి ముదురు రంగు ద్రావణంలో అడుగు కనపడదు, అప్పుడు పై అంచునే చదవండి, కాకపోతే మొదటి రీడింగూ చివరి రీడింగూ రెండూ అలాగే తీయాలి. మామూలు 50 మిల్లీలీటర్ల బ్యూరెట్‌లో ఒక్కో చిన్న గీత 0.1 మిల్లీలీటరు.