ఇద్దరి మధ్య ఉన్న రెండడుగులు చూడు

తమ్ముడూ,

అమెరికన్ ఫుట్‌బాల్ మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం శుభ్రంగా ఉంది. ఏ పత్రికకు పంపాలన్న నీ ప్రశ్నకు తర్వాత వస్తాను. ముందు మూడో పేరా సంగతి తేల్చాలి. "ట్రెంట్ విలియమ్స్ చేజారాక, చేసేది లేక కాన్సాస్ సిటీ చీఫ్స్ జో థూనీతో సరిపెట్టుకుంది" అని రాశావు. అది చదివి నాకు ఒళ్లు మండింది.

తేదీలు చూడకుండా రాసిన మాట అది. 2021 మార్చి 15న ఫ్రీ ఏజెంట్లతో, అంటే ఒప్పందం ముగిసిన ఆటగాళ్లతో, బేరాలకు అనుమతి మొదలైంది. థూనీ ఆ రోజే ఒప్పుకున్నాడు: ఐదేళ్లు, 8 కోట్ల డాలర్లు. విలియమ్స్ శాన్‌ఫ్రాన్సిస్కోలోనే ఉండిపోతున్నాడని తేలింది 17 తెల్లవారుజామున: ఆరేళ్లు, 13.8 కోట్లు. క్వార్టర్‌బ్యాక్‌ని, అంటే బంతి విసిరేవాణ్ణి, కాపాడే లైన్‌లో ఐదుగురు: మధ్యలో సెంటర్, అతనికి చెరోపక్కా ఒక గార్డ్, రెండు చివర్లా టాకిల్‌లు. థూనీ గార్డ్, విలియమ్స్ టాకిల్. అంటే చీఫ్స్ గార్డ్‌ని ముందు ఖాయం చేసుకుని, ఆ తర్వాత కూడా టాకిల్ కోసం ఆఖరిదాకా ప్రయత్నించింది. సరిపెట్టుకోవడం అన్నమాట ఎక్కడా లేదు. గార్డ్ ముందు ఎందుకు? నీ వ్యాసం మొదలవాల్సింది ఆ ప్రశ్న దగ్గర.

నువ్వు మాత్రం పట్టిక దగ్గర మొదలుపెట్టావు. నూటికి ఇన్ని అని మార్కులు వేసి, ఎవరికి ఎక్కువుంటే వాడే మంచి ఎంపిక అని తేల్చేశావు. ఇప్పుడిదే ఫ్యాషన్. బేరం కుదిరిన రాత్రే "గెలిచిన జట్లు, ఓడిన జట్లు" అని జాబితా అడిగే సంపాదకులున్నారు. లైన్ గురించి రాసిన పేరాలు కత్తిరించి క్వార్టర్‌బ్యాక్ ఫొటో పెద్దది చేసే సంపాదకులూ ఉన్నారు. వాళ్ల కోసం రాయకు.

లైన్‌మన్ గురించి విడిగా రాయకూడదు, పక్కవాడితో కలిపి రాయాలి. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను. ఆ ఐదుగురూ సుమారు రెండడుగుల ఎడంతో నిలబడతారు. ఆట చెడేది ఆ రెండడుగుల్లోనే. కబడ్డీలో చేతులు పట్టుకుని నిలబడ్డ ఇద్దరిలో పట్టు జారిన చోటి నుంచే రైడర్ బయటపడతాడు కదా, ఇక్కడా అంతే.

స్టంట్ తీసుకో. ఎదుటి జట్టు బయటివాడు, అంటే ఎండ్, లోపలికి దూకుతాడు. లోపలివాడు అతని వెనక నుంచి చుట్టుతిరిగి బయటికొస్తాడు. మన గార్డ్ తన ముందున్నవాణ్ణి టాకిల్‌కి అప్పజెప్పి, లోపలికి వస్తున్నవాణ్ణి అందుకోవాలి. ఇది జరగాలంటే ఇద్దరూ ఒకే లోతులో ఉండాలి. టాకిల్ ఒక అడుగు ఎక్కువ వెనక్కి జారితే ఇద్దరి మధ్యా తలుపు తెరుచుకుంటుంది. గార్డ్ తన మనిషిని వదలడం అరక్షణం ఆలస్యం చేసినా అంతే. ఇప్పుడు తప్పు ఎవరిది? ముందు ఏ పిలుపు ఇచ్చారో తెలియకుండా బయట కూర్చుని మార్కులు వేసేవాడు చెప్పలేడు. దొరికినవాడి పేరు మీద కోత వేస్తాడు. నీ పట్టిక అలాంటి కోతల మొత్తం.

2021 ఫిబ్రవరి 7 నాటి సూపర్ బౌల్‌లో, అంటే లీగ్ ఫైనల్లో, చీఫ్స్ లైన్‌ని ఒకసారి చూడు. ఎడమ టాకిల్ ఎరిక్ ఫిషర్‌కి అంతకు ముందు ఆటలో మడమ నరం తెగింది. కుడి టాకిల్ మిచెల్ ష్వార్ట్జ్ నడుము నొప్పితో ఎప్పటినుంచో లేడు. గార్డ్ డువర్నే-టార్డిఫ్ డాక్టరు కూడా. కోవిడ్ రోగుల సేవ కోసం ఆ సీజనే వదులుకున్నాడు. అందుకని ష్వార్ట్జ్ స్థానంలో కుడివైపు ఆడుతున్న మైక్ రెమ్మర్స్‌ని ఎడమకు మార్చారు. కుడి గార్డ్ ఆండ్రూ వైలీని కుడి టాకిల్ చేశారు. సీజన్ మధ్యలో తిరిగొచ్చిన విస్నియెస్కీని వైలీ చోట నిలబెట్టారు. ఎదుటి జట్టు టాంపా బే చాలావరకు నలుగురితోనే దాడి చేసినా చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ మీద 29 సార్లు ఒత్తిడి పడింది. సూపర్ బౌల్ చరిత్రలో అదే ఎక్కువ. శాక్‌లు, అంటే బంతి విసరకముందే అతన్ని పడేసినవి, మాత్రం మూడే. నువ్వు శాక్‌లు లెక్కపెట్టి "మరీ అంత ఘోరం కాదు" అన్నావు. చీఫ్స్ 31-9తో ఓడింది.

టాకిల్ ఒక వైపు నుంచి మరో వైపుకి మారడం చిన్న విషయంలా దాటేశావు. ఎడమ టాకిల్ ఎడమకాలితో వెనక్కి జారుతూ, ఆ కాలి నుంచే బయటి దాడికి తగినట్టు ఒళ్లు తిప్పుతాడు. కుడివైపు ఇదంతా అద్దంలోలా తారుమారవుతుంది: వెనక కాలు, ముందు పడే చెయ్యి, బరువు ఆనే తొడ. ఏళ్ల తరబడి ఒక వైపు ఆడినవాడికి కొత్త వైపు మొదటి అడుగు పొట్టిగా పడుతుంది. దాంతో బయట దారి దొరుకుతుంది. దాన్ని కప్పిపుచ్చాలని తొందరపడితే బంతి కదలకముందే కదులుతాడు, ఐదు గజాలు పోతాయి. చొక్కా పట్టి లాగితే పది. అందుకే ఫ్రీ ఏజెంట్ గురించి రాసేటప్పుడు మొదట అడగాల్సింది అతను ఏ వైపు, ఎన్ని ఆటలు ఆడాడని.

ఇప్పుడు థూనీ దగ్గరికి రా. ఎడమ గార్డ్, 28 ఏళ్లు. న్యూ ఇంగ్లండ్‌లో ఐదు సీజన్లు, 80 ఆటలు, ఎనభైకి ఎనభైలోనూ మొదటి నుంచీ బరిలో ఉన్నాడు. విలియమ్స్‌కి 32. టాకిల్‌గా అతని గొప్పతనం మీద నాకు సందేహం లేదు. కానీ మహోమ్స్ ఎలా ఆడతాడో చూడు: తరచుగా బాగా వెనక్కి జరుగుతాడు. టాకిల్ పని ఎదుటివాణ్ణి క్వార్టర్‌బ్యాక్ వెనకనుంచి చుట్టి పోయేలా నెట్టడం. క్వార్టర్‌బ్యాక్ మరీ వెనక ఉంటే ఎంత మంచి టాకిల్ నెట్టినా వాడు నేరుగా మనిషి మీదికే వస్తాడు. క్వార్టర్‌బ్యాక్ ముందుకు అడుగేస్తే అదే వాడు వెనకగా దాటిపోతాడు. ముందుకు అడుగేయాలంటే మధ్యలో చోటుండాలి. ఆ చోటు ఇచ్చేది ఇద్దరు గార్డ్‌లూ సెంటరూ. కాబట్టి మంచి గార్డ్‌కి పెట్టిన డబ్బు టాకిల్ పనిని కూడా తేలిక చేస్తుంది. నీ వ్యాసంలో ఈ ముక్క లేనే లేదు.

డబ్బు గురించి కొంచెమే చెబుతాను. పెద్ద అంకె మీద ఆగిపోకు. విలియమ్స్ 13.8 కోట్లలో గ్యారంటీ 5.51 కోట్లు. కోవిడ్ నష్టాల వల్ల ఆ ఏడాది జట్టుకి శాలరీ క్యాప్, అంటే ఆటగాళ్ల జీతాల మొత్తం మీద పరిమితి, 19.82 కోట్ల నుంచి 18.25 కోట్లకు పడిపోయింది. సైనింగ్ బోనస్‌ని, అంటే సంతకానికి ఇచ్చే సొమ్ముని, క్యాప్ లెక్కల్లో గరిష్ఠంగా ఐదేళ్లకు పరుస్తారు. ఉదాహరణకు 2 కోట్ల బోనస్ ఏడాదికి 40 లక్షల చొప్పున పడుతుంది. రెండేళ్లకే అతన్ని వదిలేస్తే మిగిలిన కోటీ 20 లక్షలూ ఆడని మనిషి పేరు మీద మిగులుతాయి. 32 ఏళ్లవాడికీ 28 ఏళ్లవాడికీ ఈ లెక్కలో ఎంత తేడానో నువ్వే రాయి.

ఆ తర్వాత జరిగింది నీ వ్యాసంలో రెండు వాక్యాలకు కుదించావు. కాస్త విప్పు. ఏప్రిల్‌లో బాల్టిమోర్ నుంచి ట్రేడ్‌లో, అంటే జట్ల మధ్య మార్పిడిలో, ఓర్లాండో బ్రౌన్ వచ్చాడు. అతను కుడి టాకిలే, కానీ 2020లో అక్కడి ఎడమ టాకిల్ రానీ స్టాన్లీ గాయపడ్డాక ఎడమవైపు ఆడిన ఫిల్మ్ ఉంది. డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, 63వ ఎంపికగా సెంటర్ క్రీడ్ హంఫ్రీ, 226వ ఎంపికగా గార్డ్ ట్రే స్మిత్. రిటైర్మెంట్ నుంచి తిరిగొచ్చిన కైల్ లాంగ్ మోకాలి గాయంతో ఆ సీజన్ మైదానంలోకే దిగలేదు. ఫ్రీ ఏజెంట్ల మీద పెట్టిన ప్రతి డాలరూ పండదని అదీ రాయాలి. సూపర్ బౌల్ ఆడిన ఐదుగురిలో ఒక్కడూ కొత్త సీజన్ మొదటి ఆట మొదలుపెట్టలేదు. రెండేళ్లకు, 2023 ఫిబ్రవరి 12 నాటి సూపర్ బౌల్‌లో, ఆ సీజన్‌లో 70 శాక్‌లు చేసిన ఫిలడెల్ఫియా వీళ్ల మీద ఒక్కటీ చేయలేకపోయింది.

అదే ఫిలడెల్ఫియా 2025 ఫిబ్రవరి 9 నాటి సూపర్ బౌల్‌లో ఆరు శాక్‌లు చేసింది, ఒక్క బ్లిట్జ్ కూడా, అంటే అదనపు మనుషుల దాడి, పంపకుండా. చీఫ్స్ 40-22తో ఓడింది. ఆ రోజు థూనీ ఎడమ టాకిల్. ఎడమ టాకిల్‌కి సరైన మనిషి దొరక్క అతన్ని బయటికి జరిపారు, గార్డ్ చోట రిజర్వ్ ఆటగాడు మైక్ కాలియెండో వచ్చాడు. ఒక తూటు పూడ్చబోతే రెండయ్యాయి. అందరూ థూనీ బలహీనత గురించి రాశారు. హంఫ్రీకి ఎడమ పక్కన ఎవరున్నారో చాలామంది రాయలేదు.

టీవీ కెమెరా బంతి వెంట పోతుంది కాబట్టి అది చాలదు. ఎండ్ జోన్ వెనక పైనుంచి తీసిన ఫిల్మ్ సంపాదించు. 2023, 2025 ఫైనళ్లు రెండింటిలో మొదటి పదేసి పాస్ ఆటలు తీసుకో. మొదటిసారి చూసేటప్పుడు 62వ నంబరు థూనీ పాదాలు మాత్రమే చూడు, రెండోసారి 52వ నంబరు హంఫ్రీవి, మూడోసారి ఇద్దరి మధ్య ఖాళీ. ఎవరు ఎవరికి ఎవరిని అప్పజెప్పారో, ఎప్పుడు ఆలస్యమైందో ఆటకో వాక్యం చొప్పున రాసుకో. పట్టిక తీసేసి, ఆ ఇరవై వాక్యాల్లోంచి వ్యాసం మళ్లీ కట్టి నాకు పంపు.