ఎన్‌సీఏఏ ధ్రువీకరణ కోసం విశ్వవిద్యాలయం తన క్రీడా విభాగాన్ని తానే సమీక్షించుకుంటే ఆ నివేదికను నమ్మవచ్చా?

టెన్నిస్ ఆడే మీ అమ్మాయికి అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం స్కాలర్‌షిప్ ఇస్తామంటోందని, ఆ విశ్వవిద్యాలయం ఎన్‌సీఏఏ (అమెరికా కళాశాల క్రీడలను నియంత్రించే సంస్థ) ధ్రువీకరణ కోసం తన క్రీడా విభాగం గురించి రాసుకున్న పాత నివేదిక మీ కంటపడిందని, తమ గురించి తామే రాసుకున్నదాన్ని ఎంతవరకు నమ్మాలని అడిగారు. అటువంటి సమీక్షలో నేను ఏడాది పాటు పనిచేశాను. నమ్మవచ్చు, కానీ అందులో ఎక్కడ చూడాలో తెలిసి ఉండాలి.

డివిజన్ వన్ (కళాశాల క్రీడల్లో పై అంచె) విశ్వవిద్యాలయాల కోసం ఎన్‌సీఏఏ ఈ ధ్రువీకరణ పద్ధతిని 1993లో ఆమోదించింది. మొదట ఐదేళ్లకోసారి, తరువాత పదేళ్లకోసారి జరిగేది. 2011లో నిలిపివేశారు కనుక, మీరు చూసిన పత్రం ఇప్పటి పరిస్థితికి హామీ కాదు. మన కళాశాలలు న్యాక్ కోసం స్వీయ అధ్యయన నివేదిక రాయడం, ఆపైన బయటి నిపుణుల బృందం వచ్చి చూడడం మీకు తెలిసినదే. ఇదీ దాదాపు అదే నడక. అయితే ఇక్కడ గ్రేడులు ఉండేవి కావు. ధ్రువీకరించామనో, షరతులతో ధ్రువీకరించామనో, ధ్రువీకరించలేదనో మాత్రమే తేల్చి చెప్పేవారు.

మధ్య పశ్చిమ ప్రాంతంలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో నేను గణాంకశాస్త్రం బోధిస్తున్న రోజుల్లో, క్రీడాకారుల చదువును పరిశీలించే ఉపసంఘంలో నన్ను వేశారు. క్రీడా విభాగంతో ఏ సంబంధమూ లేని అధ్యాపకులు, ఉద్యోగులు, విద్యార్థులు కూడా అందులో ఉండాలన్నది ఈ పద్ధతిలోని ముఖ్యమైన నియమం. మొత్తం ప్రక్రియలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది అదే, ఎందుకంటే లోపలివారు ఏళ్ల తరబడి చూస్తూ అలవాటు పడిపోయిన విషయం బయటివారికి మొదటి వారంలోనే కనిపిస్తుంది.

మాకు కనిపించింది సాఫ్ట్‌బాల్ జట్టు ప్రయాణాల పట్టిక. ఫిబ్రవరిలో మా ఊళ్లో మైదానం మంచుతో నిండి ఉండేది కనుక, సీజన్ మొదటి వారాల్లో ఆ అమ్మాయిలు గురువారం మధ్యాహ్నమే బయలుదేరి దక్షిణాది రాష్ట్రాలకు వెళ్లి ఆడి, ఆదివారం రాత్రి తిరిగి వచ్చేవారు. ఆ పట్టికను తరగతుల కాలపట్టిక పక్కన పెట్టి చూస్తే, గురు, శుక్రవారాల్లో ప్రయోగశాల ఉన్న కోర్సులు వారికి దాదాపు అందుబాటులోనే లేవని తేలింది. ఇందులో నియమోల్లంఘన ఏమీ లేదు. సీజన్‌లో వారానికి 20 గంటలకు మించి ఆటకు కేటాయించరాదని ఎన్‌సీఏఏ నియమం; కానీ పోటీ జరిగిన రోజు, అది ఎంతసేపు సాగినా, 3 గంటలుగానే లెక్కకు వస్తుంది, ప్రయాణానికి పట్టిన సమయం అసలు లెక్కలోకే రాదు. కాగితం మీద అన్నీ సక్రమంగానే ఉన్నాయి, మార్కులూ పట్టభద్రుల శాతమూ బాగానే ఉన్నాయి.

ఆట ముగించుకుని వెళ్లిపోయే క్రీడాకారులతో విభాగం చివరిగా ఒకసారి మాట్లాడి, వారి అభిప్రాయాలు రాసుకోవాలి. ఆ కాగితాలు అడిగి తెప్పించుకున్నాం. నర్సింగ్ చదవాలని వచ్చి, ప్రయోగశాల వేళలు కుదరక మరో కోర్సుకు మారామని ముగ్గురు అమ్మాయిలు వేర్వేరు సంవత్సరాల్లో రాశారు. ఆ మాటలు ఎవరూ దాచలేదు, ఎవరూ చదవనూ లేదు. ఒక పిల్ల ఏ చదువు కోసం ఇల్లు విడిచి వచ్చిందో ఆ చదువే వదులుకోవలసి వచ్చినప్పుడు ఆమె మార్కుల సగటు బాగుందని తృప్తిపడడం తగదని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

దీన్ని నివేదికలో రాయాలా వద్దా అని రెండు సమావేశాల పాటు వాదన జరిగింది. నియమం తప్పనప్పుడు లోపమని ఎలా రాస్తారని క్రీడా విభాగం వారు అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే. చివరికి రాశాం. మెరుగుదల ప్రణాళికలో లక్ష్యం ఏమిటో, ఏయే పనులు చేయాలో, ఎవరు బాధ్యులో, ఎప్పటిలోగా ముగించాలో చెప్పి తీరాల్సి ఉండేది కనుక, కొన్ని ప్రయోగశాల తరగతులను సోమ, మంగళవారాలకు మార్చే పని ఒక అధికారి పేరిట, ఒక గడువుతో నమోదైంది. మరుసటి ఏడాదే ఆ మార్పు అమలులోకి వచ్చింది.

కాబట్టి మీరు ఆ పాత నివేదికలో మొదటి పేజీల ప్రశంసలు వదిలేసి, మెరుగుదల ప్రణాళికలు చూడండి. ఏ లోపమూ ఒప్పుకోని నివేదిక కన్నా, ఫలానా లోపం ఉంది, ఫలానా అధికారి ఫలానా ఏడాదిలోగా సరిదిద్దుతారని రాసిన నివేదికనే నేను ఎక్కువగా నమ్ముతాను. స్త్రీ పురుష సమానత్వం గురించిన భాగాన్ని కూడా తప్పక చదవండి, ఎందుకంటే విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధించే 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ప్రకారం మీ అమ్మాయికి రావలసిన అవకాశాలు, సదుపాయాల గురించి విశ్వవిద్యాలయం స్వయంగా ఏమి ఒప్పుకుందో అక్కడే ఉంటుంది.

ఇప్పటి పరిస్థితికి, జట్టువారీగా ఎన్‌సీఏఏ ఏటా ప్రకటించే విద్యా ప్రగతి రేటు చూడండి. స్కాలర్‌షిప్ పొందే ప్రతి క్రీడాకారుడికీ ఒక్కో టర్ములో చదువులో అర్హత నిలుపుకున్నందుకు ఒక పాయింటు, విశ్వవిద్యాలయంలో కొనసాగినందుకు ఒక పాయింటు లెక్కించి, వెయ్యికి ఎంతో చెబుతారు. ఆ తరువాత కోచ్‌ను గత ఏడాది టెన్నిస్ జట్టు ప్రయాణాల పట్టిక అడిగి, మీ అమ్మాయి చదవదలచిన కోర్సు మొదటి రెండేళ్ల కాలపట్టికతో కలిపి, ఆమెనే పక్కన కూర్చోబెట్టుకుని సరిచూడండి.