నాణేల సేకరణను కొత్తగా ఎలా మొదలుపెట్టాలి, ఎలా కాపాడుకోవాలి?

కొనుగోళ్లకు ముందు, ఇంట్లో పెద్దవాళ్ల పెట్టెల్లో మిగిలిన చిల్లరతోనే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి (రూపాయికి వంద పైసల లెక్క) వచ్చాక కొన్నేళ్లపాటు వెలువడిన ‘నయా పైసా’ నాణేలు అక్కడ దొరకవచ్చు. ఇటీవలి దశాబ్దాల నాణేలపై సంవత్సరం కింద ఉండే టంకశాల (నాణేలు ముద్రించే చోటు) గుర్తును భూతద్దంతో చూడండి: నక్షత్రం హైదరాబాదుది, వజ్రాకారం ముంబయిది, చుక్క నోయిడాది, ఏ గుర్తూ లేకపోతే సాధారణంగా కోల్‌కతాది. మన హైదరాబాదు నక్షత్రాన్ని మొదటిసారి గుర్తుపట్టినప్పుడు కలిగే ఆనందం వేరు.

అన్నిటికన్నా ముఖ్యంగా, మెరవాలని చింతపండుతో తోమకండి. ఏళ్లతరబడి ఏర్పడిన పైపొర పోతే నాణెం విలువ తగ్గుతుంది, ఆ పొరను మళ్లీ తేలేము. అంచులనే పట్టుకుని, పచ్చని జిగురు వదిలే పీవీసీ కవర్లు కాకుండా వేరేవి వాడి, తేమ తగలని చోట దాచండి.