గోంగూర తినలేని గుంటూరువాడి జవాబు

టెట్ కోసం బట్టీపట్టే పావ్‌లోవ్ శాస్త్రీయ నిబంధనం (గంట మోగించి మాంసం పెడుతూ పోతే, చివరికి గంట మోతకే కుక్కకు లాలాజలం ఊరడం) నిజ జీవితంలో ఎక్కడైనా కనిపిస్తుందా అని అడిగారు. మా ఇంట్లో రోజూ కనిపిస్తుంది, అదీ కంచం ముందు.

పదేళ్ల కిందట డీఎస్సీ కోచింగ్‌కని గుంటూరు బ్రాడీపేటలో ఇద్దరం ఒక గదిలో ఉండేవాళ్లం. ఒకరోజు రాత్రి మా రూమ్మేట్ వాళ్లమ్మ పంపిన పండుమిరపకాయల గోంగూర డబ్బా తీశాడు. వేడన్నం, నెయ్యి, నంజుకోడానికి ఉల్లిపాయ. నేను నాలుగు ముద్దలు తింటే వాడు ఆరు తిన్నాడు. తెల్లవారుజామున మూడింటికి నాకు వాంతులు, వణుకు. వాడికి తుమ్ము కూడా రాలేదు. డాక్టరు చూసి వైరల్ జ్వరం అన్నాడు. కింది వాటాలో అప్పటికే ముగ్గురు అదే జ్వరంతో పడుకుని ఉన్నారు. అంటే గోంగూర తప్పేం లేదు. ఆ సంగతి నాకు తెలుసు, నా కడుపుకే తెలియదు. ఈ రోజుకీ ఆ పులుపు వాసన తగిలితే నోట్లో నీళ్లూరతాయి, అవి ఆకలి నీళ్లు కావు.

మా కోచింగ్ సారు మాత్రం గంట మోత, మాంసం పదేపదే జతపడాలి, మధ్యలో వ్యవధి సెకన్లలోనే ఉండాలి అని చెప్పేవారు. నాకు ఒక్కసారికే, అదీ ఐదారు గంటల తేడాతో అతుక్కుపోయింది! దీని మీద పనిచేసిన మనిషి అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ గార్సియా. 1966లో ఆయనా ఇంకొకాయనా కలిసి, ఎలుకలు రుచి ఉన్న నీళ్లు తాగేటప్పుడే లైటు వెలిగేలా, చప్పుడు వచ్చేలా ఏర్పాటు చేశారు. తర్వాత కొన్నిటికి జబ్బు తెప్పించారు, కొన్నిటికి కరెంటు షాక్ ఇచ్చారు. జబ్బుపడ్డ ఎలుకలు ఆ రుచిని మానేశాయి. షాక్ తిన్నవి లైటుకూ చప్పుడుకూ జంకాయి. నేనూ అంతే. రూమ్మేట్ మొహం చూస్తే నాకు వికారం రాలేదు, గోంగూరకే వచ్చింది.

ఇంత మజా ఉన్న విషయాన్ని మన గైడ్లు 'పావ్‌లోవ్ ప్రయోగించిన జంతువు ఏది' అనే బిట్టు దగ్గరే ఆపేస్తాయి. ఆయనకు 1904లో నోబెల్ వచ్చింది జీర్ణక్రియ పరిశోధనకు. కుక్క లాలాజలం ప్రయోగానికే ఇచ్చారని స్టాఫ్‌రూమ్‌లో ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు.

పెళ్లయ్యాక మా అత్తగారు నన్ను మార్చాలని చూశారు. 'అల్లుడుగారూ, గోరంత' అంటూ పప్పులో రెండాకులు, తర్వాత నాలుగు. మూడు నెలలకు గోంగూర పప్పు తినగలిగాను, అంతా పోయిందనుకున్నాను. తర్వాత నాలుగు నెలలు ఇంట్లో గోంగూర వండలేదు. ఒక పెళ్లిలో, విస్తట్లో పచ్చడి వడ్డించగానే మళ్లీ మొదటికొచ్చింది. పోయిందనుకున్న స్పందన కొంత విరామం తర్వాత ఇలా దానంతటదే తిరిగి రావడాన్ని అయత్నసిద్ధ స్వాస్థ్యం అంటారు. పరీక్షలో ఆ బిట్టు తప్పు పెట్టాను. ఆ పెళ్లిలో మాత్రం పక్కాయన 'గుంటూరువాడివేనా బాబూ నువ్వు?' అంటూ నా పచ్చడి కూడా తనే లాగించేశాడు.