గుంటూరు ఎండల్లో ఇంటి ముందు పూలతోట నిలబడుతుందా?

మీ ప్రశ్న చదివాను. బెంగళూరు నుంచి గుంటూరు వచ్చారు. పడమర వాకిలి ఇల్లు, గేటు పక్కన సన్నటి మట్టి స్థలం, పైన ఖాళీ మేడ. సంక్రాంతి ముందు తెచ్చిన పెటూనియాలు, చామంతులు, హైబ్రిడ్ గులాబీలు ఏప్రిల్ దాటకుండానే ఎండిపోయాయి. ఈ ఊళ్ళో ఇక పూలతోట ఆశ వదులుకోవాల్సిందేనా అని అడిగారు.

వదులుకోనక్కర్లేదండీ. మాది విజయవాడ, మాదీ పడమర ఇల్లే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో కూడా మా గేటు దగ్గర పూలుంటాయి. అయితే బెంగళూరులో చూసిన తోటను ఇక్కడికి తెచ్చుకోవడం కుదరదు. ఇక్కడి తోట వేరు, దాని అందం వేరు.

ముందుగా పెటూనియాల సంగతి. అవి పోయినందుకు బాధపడకండి. మన దగ్గర అది నవంబరులో పెట్టుకుని ఫిబ్రవరి దాకా చూసుకునే మొక్క. ఎండ ముదిరితే ఎవరింట్లోనైనా పోతుంది. చామంతి అలా కాదు. పగటి వేళ తగ్గి రాత్రి పెరిగే రోజుల్లో అది మొగ్గ తొడుగుతుంది, అందుకే చలికాలంలో పూస్తుంది. పూలయ్యాక కొమ్మలు కత్తిరించి నీడపట్టున ఉంచితే మొదట్లోంచి పిలకలు వస్తాయి. వాటిని వానలు మొదలయ్యాక విడదీసి నాటుకుంటే మళ్ళీ చలికాలానికి పూలు. మీ చామంతుల్లో మొదలు ఇంకా పచ్చగా ఉన్నవి ఏవైనా ఉంటే పారేయకండి.

ఇప్పుడు అసలు విషయం. మొక్కలు ఎంచుకునే ముందు, మీరు తోటలో ఏ వేళ కూర్చుంటారో ఆలోచించండి. మార్చి నుంచి జూన్ దాకా పొద్దున తొమ్మిది దాటితే సాయంత్రం ఐదున్నర వరకు మనం బయట కాలు పెట్టం. మనకు మిగిలేది తెల్లవారుజాము, సాయంత్రం, భోజనాలయ్యాక వాకిట్లో కుర్చీలు వేసుకుని కూర్చునే వేళ. ఆ వేళల్లో విచ్చే పూలు, చీకట్లోనూ కనబడే తెల్లపూలు, వాసన ఇచ్చే పూలు మన తోటకు ప్రాణం. నర్సరీలో మిట్టమధ్యాహ్నం మెరిసిపోయే రంగుల్ని చూసి కొనేస్తాం గానీ, ఆ రంగుల్ని ఇంటి దగ్గర చూసే తీరిక మనకెక్కడుంది?

మీ గేటు పక్క మట్టిలో మొదట పెట్టమనేది రాధామనోహరం. పడమటెండ దానికి లెక్కే కాదు. గోడకో, గేటు మీది కమానుకో ఎక్కించండి, ఇంటికి కూడా ఎండ తగ్గుతుంది. పువ్వు సాయంత్రం విచ్చుకునేటప్పుడు తెలుపు, మర్నాటికి గులాబీ రంగు, ఆ తర్వాత ఎరుపు. ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి. సాయంత్రం ఆ గుత్తి కింద కాసేపు నిలబడి చూడండి. పొడుగాటి సన్నటి కాడతో వేలాడుతున్న మొగ్గ మెల్లగా రేకులు విప్పుతుంది. చీకటి పడేసరికి వాసన వీధిలోకి పోతుంది. ఒకటే ఇబ్బంది, తీగ బాగా అల్లుకుపోతుంది. పూత తగ్గినప్పుడు మొహమాటం లేకుండా కత్తిరించాలి. కరెంటు తీగల వైపు మాత్రం అసలు పోనివ్వకండి.

మల్లె లేకుండా గుంటూరు వేసవి ఏమిటండీ! నేలలో చోటు లేకపోతే పెద్ద కుండీలో పెట్టుకోండి, మేడమీద ఎండ దానికి ఇష్టమే. చాలామంది మల్లెకు ఏడాది పొడవునా ఒకేలా నీళ్ళు పోసి, ఆకులు పచ్చగా ఉన్నా పూలు రావడం లేదంటారు. దానికి విశ్రాంతి కావాలి. నవంబరు చివర్లో నీళ్ళు బాగా తగ్గించి, కొమ్మల్ని మూరెడు ఎత్తుకు కత్తిరించి, మిగిలిన ఆకు దూసేయాలి. కొన్నాళ్ళాగి మొదట్లో మట్టి గుల్ల చేసి, పశువుల ఎరువు వేసి, మళ్ళీ నీళ్ళు మొదలుపెట్టాలి. కొత్త చివుళ్ళతో పాటే మొగ్గలూ వస్తాయి. కుండీ మల్లెకు నీళ్ళు పూర్తిగా ఆపకండి, మొక్క బతికేటంత ఇస్తే చాలు. వేసవిలో మొగ్గలు సాయంత్రం విచ్చకముందే కోసి తడిగుడ్డలో వేసుకుంటే రాత్రికి గది నిండా వాసన.

చంద్రకాంత విత్తనం ఎవర్నడిగినా ఇస్తారు, నల్లగా మిరియంలా ఉంటుంది. వానాకాలంలో వేస్తే చాలు, తర్వాత అదే మొలుస్తుంటుంది. సాయంత్రం నాలుగైదు గంటలకు విచ్చి పొద్దునకి ముడుచుకుంటుంది. పారిజాతం చిన్న చెట్టవుతుంది. రాత్రి పూసి తెల్లారేసరికి కింద రాలిపోతుంది. నడవడానికి కాకుండా ఏరుకోవడానికి వీలైన చోట పెట్టండి. పూత వర్షాకాలం చివర, శరత్తులో ఎక్కువ, కాబట్టి వేసవిలో పూయలేదని కంగారు పడొద్దు. దేవగన్నేరు కొమ్మ తెచ్చి, కోసిన చోట పాలు ఆరేదాకా వారం రోజులు నీడలో పెట్టి నాటితే వేరు పోసుకుంటుంది. చలికాలంలో ఆకు రాల్చి మోడులా ఉంటుంది, చచ్చిందనుకుని పీకేయకండి.

నందివర్ధనం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఇంత తక్కువ అడిగి ఇంత ఎక్కువ ఇచ్చే పూలమొక్క నాకు తెలిసి మన ప్రాంతంలో ఇంకోటి లేదు. ఎండలో ఉంటుంది, సగం నీడలోనూ ఉంటుంది, రోజూ దేవుడికి సరిపడా పూస్తుంది. ఒంటిరెక్కదీ ఉంది, ముద్దదీ ఉంది. మేం ఒంటిరెక్కదే ఉంచుకున్నాం, వెన్నెల్లో అదే బాగుంటుంది. ఏదో ఒకరోజు పొద్దున చూస్తే ఒక కొమ్మకి ఆకులే ఉండవు. దగ్గరికి వెళ్ళి వెతకండి. ఆకు రంగులోనే చిటికెన వేలంత లావు గొంగళిపురుగు ఉంటుంది. తల వెనక రెండు పక్కలా తెల్లంచుతో నీలి కళ్ళలాంటి మచ్చలుంటాయి. అవి కళ్ళు కావు, పిట్టల్ని బెదరగొట్టడానికి. కొన్నాళ్ళకు గోధుమ రంగుకి మారి కిందికి దిగి ఎండుటాకుల్లో గూడు కట్టుకుంటుంది. తర్వాత అందులోంచి ఆకుపచ్చ, గులాబీ చారల పెద్ద చిమ్మట వస్తుంది. మందు కొట్టకండి. నందివర్ధనం మళ్ళీ చిగురిస్తుంది. ఆ చిమ్మట రాత్రిపూట వాసన పూల మీద గాలిలోనే నిలబడి తేనె తాగడం చూశాక మా ఇంట్లో ఎవరూ ఆ పురుగు జోలికి వెళ్ళరు.

ఇక మేడ. అక్కడ ఎండను తట్టుకోవడమే కాదు, ఎండను కోరుకునే మొక్కలు పెట్టాలి. కాగితం పూలు మొదటిది. మనం పూలనుకునే రంగు రేకులు నిజానికి ఆకులే, అసలు పువ్వు వాటి మధ్య తెల్లగా చిన్నగా ఉంటుంది. దానికి ఎండ ఎంతైనా చాలదు, నీళ్ళు మాత్రం మట్టి పైపొర బాగా ఆరాకే పోయాలి. ఎరువూ నీళ్ళూ ఎక్కువైతే ఆకు ఏపుగా పెరుగుతుంది, పూత పోతుంది. కుండీ మార్చేటప్పుడు వేళ్ళ చుట్టూ మట్టిగడ్డ విరగకుండా చూసుకోండి, ఆ వేళ్ళు చాలా సున్నితం. లావు మొదలుండే ఎడారి గులాబీ, అదే అడీనియం కూడా అంతే, ఎండ కావాలి, నీరు నిలవకూడదు. వానలు పట్టుకున్నప్పుడు చూరు కిందికి జరపకపోతే మొదలు కుళ్ళి మెత్తబడుతుంది. టేబుల్ రోజ్, బిళ్ళ గన్నేరు, బొగడబంతి కుండీల అంచుల్లో వేసుకోండి, ఇవి పగటి పూలే అయినా పొద్దున కాఫీ వేళకి టేబుల్ రోజ్ విచ్చుకుంటుంటే బాగుంటుంది.

మీది నల్లరేగడి అయితే నూరువరహాలు నేలలో పెట్టకండి. ఆకు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తాయి. మట్టిలో సున్నం ఎక్కువై, ఉన్న ఇనుము మొక్కకు అందకపోవడం వల్ల అలా అవుతుంది. ఎర్రమట్టి కలిపిన కుండీలో పెట్టుకుంటే హాయిగా పూస్తుంది.

గులాబీ మీద అంత ఇష్టముంటే హైబ్రిడ్ వదిలి వాసనుండే నాటు గులాబీ తీసుకోండి. పొద్దుటెండ తగిలి మధ్యాహ్నం నీడ పడే తూర్పు పక్కన ఉంచండి. అంటు కట్టిన చోటుకు కింద నుంచి కొమ్మలొస్తే మొదట్లోనే తీసేయండి, ఉంచితే అవే మొక్కను మింగేస్తాయి.

మందారానికి పిండినల్లి తప్పదు. చివుళ్ళలో తెల్లటి దూదిలా కనిపిస్తుంది, పక్కనే చీమలుంటాయి. ఆ పురుగు కార్చే తీపి కోసం చీమలు దాన్ని కాపాడతాయి, కాబట్టి చీమల దారి కూడా చూడాలి. ఎక్కువగా పట్టిన కొమ్మ కత్తిరించి కవర్లో కట్టి పారేయండి, మిగతాదాన్ని పైపు నీళ్ళతో గట్టిగా కడగండి. ఆ తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం కలిపి ఆకు అడుగున తగిలేలా సాయంత్రం కొట్టాలి. మండుటెండలో కొడితే నూనెకి ఆకు మాడిపోతుంది. వారానికోసారి చొప్పున రెండు మూడుసార్లు చేస్తే అదుపులోకి వస్తుంది.

నీళ్ళ విషయంలో నాది కాస్త పట్టుదల. వేసవిలో కుండీలకు పొద్దున్నే, ఎండెక్కక ముందే పోయాలి. మేడమీద పైపులో నిలిచిన నీళ్ళు కాగిపోయి ఉంటాయి, ముందు బకెట్లోకి వదిలి చల్లటివి వచ్చాక మొక్కకు పెట్టండి. మధ్యాహ్నం ఆకులు వాలాయని వెంటనే నీళ్ళు గుమ్మరించకండి. వేలు మట్టిలోకి దింపి చూడండి, లోపల తడి ఉంటే ఎండకి వాలినట్టే, సాయంత్రానికి లేస్తుంది. తడి లేకపోతేనే నీళ్ళు. గుంటూరు చుట్టుపక్కల బోరు నీళ్ళు చాలా చోట్ల ఉప్పన, కుండీ అంచున తెల్లటి పొర కట్టి ఆకు కొసలు మాడుతుంటే కారణం అదే. వానాకాలంలో కుండీల్ని వానకు బాగా తడవనిస్తే ఆ ఉప్పు కిందికి కొట్టుకుపోతుంది.

మేడమీద నల్ల ప్లాస్టిక్ కుండీలు వద్దు, వేళ్ళు ఉడికిపోతాయి. మట్టి కుండీలు కాస్త పెద్దవి తీసుకుని, స్లాబు వేడి తగలకుండా ఇటుకల మీద పెట్టి, ఒకదాని పక్కన ఒకటి గుంపుగా ఉంచండి. మట్టి పైన ఎండుటాకులో కొబ్బరి పీచో రెండంగుళాలు కప్పండి. ఏప్రిల్, మే నెలల్లో సగం ఎండను ఆపే ఆకుపచ్చ వల (షేడ్ నెట్) పడమర వైపు కడితే చాలు, పైనంతా కప్పక్కర్లేదు. కుండీల కింద పళ్ళేలు పెడితే వాటిలో నీళ్ళు వారం లోపే పారబోయాలి. డెంగీ దోమ అలాంటి నిలవ నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది.

మీకు చిన్నపిల్లలున్నారని రాశారు కాబట్టి ఒక మాట. గన్నేరు, పచ్చగన్నేరు రెండూ మొక్కంతా విషమే, ముఖ్యంగా పచ్చగన్నేరు కాయ ప్రాణాల మీదికి తెస్తుంది. మేడమీదికి చెప్పిన అడీనియం పాలు కూడా మంచివి కావు. ఆకుల మీద తెల్లమచ్చల డిఫెన్‌బాకియా ఇంట్లో అందంగానే ఉంటుంది గానీ, పిల్లలు ఆకు కొరికితే నోరు, గొంతు వాచిపోతాయి. పిల్లలు పెద్దయ్యేదాకా ఇవి లేకపోయినా తోటకు లోటేం లేదు.

మొక్కల కోసం ఒకసారి కడియం వెళ్ళిరండి, రాజమండ్రి పక్కనే. కడియపులంక, వేమగిరి వైపు రోడ్డుకి రెండు పక్కలా నర్సరీలే. పూలు విరగబూసిన మొక్క కంటే గుబురుగా ఆకు ఉన్న చిన్న మొక్క మేలు. కవరు అడుగున వేళ్ళు చుట్టలు చుట్టుకుని బయటికొచ్చి ఉంటే వద్దు. షేడ్ నెట్ కింద పెరిగిన మొక్కను తెచ్చిన రోజే పడమటెండలో పెడితే ఆకు కాలిపోతుంది. పది పదిహేను రోజులు నీడలో ఉంచి, కొంచెం కొంచెంగా ఎండలోకి జరపండి.

ఇప్పుడు మే నెల కాబట్టి నేలలో ఏమీ నాటకండి. గేటు పక్కన అడుగున్నర లోతు గుంతలు తీసి ఎండకి ఆరనివ్వండి, ఎరువు, ఎర్రమట్టి తెచ్చి పెట్టుకోండి. మృగశిర దాటి నేల తడిసేలా రెండు మంచి వానలు పడ్డాక రాధామనోహరం, నందివర్ధనం, పారిజాతం నాటండి. కుండీ మల్లె అప్పుడే తెచ్చుకోవచ్చు. మీ మేడకి ఎండ ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా పడుతుందో, పిట్టగోడ ఎత్తెంతో రాస్తే కాగితం పూల కుండీలు ఎక్కడ పెట్టాలో చెబుతాను.